పుట్టుమచ్చలును రాచపుండును

మనుష్యుని దేహముపైని మచ్చను చూచి అతని భాగ్యమును చెప్పుట మన దేశమున బహుకాలము నుండి వచ్చుచున్న వాడుక. పెండ్లిచూపులనాడు పెద్దలు పిల్ల మొగముపైని పుట్టుమచ్చను గమనింతురు. పుట్టుమచ్చల శాస్త్రమను పేరుగల చిన్న పుస్తకములు తిరునాళ్ళలో నేటికిని అమ్ముడుపోవుచున్నవి. అరచేత మచ్చ యున్నచో ధనము నిలుచుననియు, పాదమున నున్నచో దేశసంచారము తప్పదనియు చెప్పుకొందురు. ఈ మాటల సత్యాసత్యములను విచారించుటకు నేను పూనుకొనలేదు. అయితే వాని అన్నిటికిని మూలముగా ఒక ప్రశ్న కలదు. మచ్చ దేహమున ఏ చోట నున్నది? సాముద్రికుడు భాగ్యమును తెలియుటకై ఈ ప్రశ్న వేసెను. గడచిన రెండువందల యేబది సంవత్సరములలో వైద్యులు ఇదే ప్రశ్నను రాచపుండునకు కారణము తెలియుటకై వేసిరి. వారికి దొరకిన ఉత్తరములలో ఒకటి మన విశాఖపట్టణమున దొరకినది. ఆ చరిత్రమును చెప్పి, దానివలన పల్లెలలోని పెద్దలకు కలుగదగిన మేలును చూపుట ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

మన ప్రాచీన వైద్యులు మచ్చలను జాగ్రత్తతో పరిశీలించినవారే. సుశ్రుతుడు నిదానస్థానమున క్షుద్రరోగములను చెప్పుచు తిలకాలకము, మశకము, జతుమణి, న్యచ్ఛము, వ్యంగము అని వానిని వేరువేరుగా వర్ణించెను. నువ్వుగింజంత యుండి, నల్లనై, నొప్పి లేక, చర్మముతో సమముగా నుండునది తిలకాలకము. మినుపగింజవలె పైకి లేచియుండునది మశకము. పుట్టుకతో వచ్చునది జతుమణి. చికిత్సాస్థానమున వీనిని శస్త్రముతో తీసి, క్షారముతోగాని అగ్నితోగాని మెల్లమెల్లగా కాల్చుమని చెప్పెను. రాచపుండును పోలిన గడ్డలను ఆయన వేరొక అధ్యాయమున అర్బుదములను పేర వర్ణించెను. నువ్వుగింజంత మచ్చ ఒకానొకప్పుడు ప్రాణము తీయు అర్బుదమునకు చోటగునన్న సంగతిని మాత్రము సూక్ష్మదర్శిని వచ్చిన పిమ్మటనే లోకము నిశ్చయముగా తెలిసికొన్నది.

మన భాషలోని పుట్టుమచ్చ యను మాటయు కొంత భ్రమ కలిగించుచున్నది. పుట్టునప్పుడే దేహముపై నుండు మచ్చలు మిక్కిలి తక్కువ. మనము పుట్టుమచ్చలని పిలుచువానిలో అధికభాగము బాల్యమునను యౌవనమునను వచ్చునవి. చర్మమునకు రంగునిచ్చు కణములు ఒకచోట గుంపుగా చేరుటయే మచ్చ. నడివయస్సు వరకు ఇవి పెరిగి, వార్ధకమున క్రమముగా వెలిసి కొన్ని మాసిపోవును. కావున అరువదవ యేట అరికాలిలో క్రొత్తగా కనబడిన నల్లమచ్చను పుట్టుమచ్చ యని పిలిచి ఊరకుండుట తగదు. ఆ వయస్సున పుట్టుమచ్చ క్రొత్తగా పుట్టుట అరుదు. ఈ ఒక్కమాటను శ్రోతలు ముందుగా మనస్సున నుంచుకొందురు గాక.

ఇక ఏ చోట యను ప్రశ్నకు వత్తము. 1775వ సంవత్సరమున లండను నగరమునందు పెర్సివల్ పాట్ అను శస్త్రవైద్యుడు, పొగగొట్టములను శుభ్రముచేయు పనివారికి వృషణముల చర్మముపైననే రాచపుండు వచ్చుటను చూచి, అచ్చటి ముడుతలలో నిలిచిన మసియే దానికి కారణమని చెప్పెను. ఫలాని వృత్తివలన ఫలాని చోట ఈ వ్యాధి పుట్టునని లోకమునకు మొదట తెలిసినది అప్పుడే. 1866లో కాశ్మీరమున పనిచేసిన ఎల్మ్‌స్లీ అను వైద్యుడు అచ్చటివారికి పొట్టమీదను తొడలమీదను చర్మమునకు రాచపుండు వచ్చుచున్నదని వ్రాసెను. చలికి ఓర్వలేక వారు కాంగ్డీ యను నిప్పులకుంపటిని అంగీలోపల పెట్టుకొని తిరుగుదురు. కుంపటి తగులు చోటనే పుండు లేచుచుండెను. తరువాత 1945లో బొంబాయి టాటా స్మారక వైద్యశాలకు చెందిన ఖానోల్కర్, సూర్యాబాయి అనువారు ఆచారములను అనుసరించి వచ్చు మూడు విధముల రాచపుండ్లను గూర్చి ఒక వ్యాసము ప్రకటించిరి. వానిలో ఒకటి ధోవతిని ఏండ్లతరబడి బిగించి కట్టుటచేత నడుము చర్మమున వచ్చునది. రెండవది ఖైనీ పొగాకును పెదవిక్రింద నుంచుకొనువారికి వచ్చునది. మూడవది చుట్టవలన అంగిటికి వచ్చునది.

ఈ మూడవదాని కథ మన ఊరిది. విశాఖపట్టణమున వైద్యకళాశాలయు కింగ్ జార్జి వైద్యశాలయు 1923లో నెలకొన్నవి. చుట్టుప్రక్కల జిల్లాల జబ్బుమనుష్యులు అచ్చటికి రాసాగిన పిమ్మట వైద్యులకు ఒక వింత కనబడెను. తక్కిన దేశములలో అరుదుగా కనబడు అంగిటి రాచపుండు ఇచ్చట తరచుగా నుండెను. కిని, సుబ్బారావు అను వైద్యులు 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్ అను పత్రికయందు దీనిని గూర్చి వ్రాసిరి. కారణము మన యింటి వసారాలలోనే కలదు. ఉత్తరాంధ్ర తీరమున, విశేషముగా స్త్రీలు, చుట్టకు నిప్పున్న కొసను నోటిలోపల నుంచుకొని పొగ పీల్చుదురు. దీనిని అడ్డపొగ యందురు. పనిచేయునప్పుడు బూడిద రాలకుండుటకును, సముద్రపుగాలికి చుట్ట ఆరకుండుటకును ఇది అనుకూలమని చెప్పుదురు. నిప్పు వేడియు పొగాకు పసరును కలిసి సోకునది అంగిటికే. కావున పుండును అచ్చటనే లేచుచున్నది. 1957లో రెడ్డి, రావు అను వైద్యులు కోస్తాంధ్రమునందలి ఈ వ్యాధిని గూర్చి విపులముగా వ్రాసిరి. 1971లో పిండ్‌బోర్గ్ మొదలగువారు శ్రీకాకుళము జిల్లా పల్లెలలో 10,169 మందిని పరీక్షించి, అడ్డపొగ త్రాగువారి అంగిళ్ళలో కలుగు మార్పులను లోకమునకు తెలియజేసిరి. మన ముసలమ్మల నోళ్ళను చూచి లోకమునందలి వైద్యులు పాఠము నేర్చిరన్నమాట. ఆ పాఠమును మన ముసలమ్మలు ఎంతమంది నేర్చిరో మన పల్లెలకు పోయి చూచిన తెలియును.

మసి నిలిచిన చోట, కుంపటి తగిలిన చోట, ధోవతి బిగిసిన చోట, నిప్పు సోకిన చోట వ్యాధి వచ్చెనని తేలినది. మరి పుట్టుమచ్చలున్న చోట? ఇందులకు సంబంధించిన రాచపుండునకు వైద్యులు పెట్టిన పేరు మెలనోమా. నల్లనిగడ్డ యని దాని అర్థము. చర్మమునకు రంగునిచ్చు కణములే అదుపుతప్పి పెరుగుటచేత ఇది కలుగును. 1787లో లండనులో జాన్ హంటర్ అను శస్త్రవైద్యుడు ఒక పురుషుని దవడనుండి ఇట్టి గడ్డను తీసి, అది యేమో తెలియక సీసాలో భద్రపరచెను. 1968లో దానిని సూక్ష్మదర్శినితో చూచి మెలనోమాయే యని నిశ్చయించిరి. వైద్యులు రోగి రొమ్మునకు ఆనించి వినెడి గొట్టమును కనిపెట్టిన లెనెక్ అను ఫ్రెంచి వైద్యుడు 1806లో ఈ వ్యాధిని ప్రత్యేకముగా వర్ణించి ప్రకటించెను.

పుట్టుమచ్చకును దీనికిని గల బంధుత్వమును తెలిసికొన్నవాడు విలియం నారిస్ అను ఒక సాధారణ వైద్యుడు. ఇంగ్లాండులోని స్టౌర్‌బ్రిడ్జి యను చిన్న ఊరిలో ఆయన వైద్యము చేయుచుండెను. 1820లో ఆయన ఒక రోగిని గూర్చి వ్రాసెను. ఏబదితొమ్మిది సంవత్సరముల వాడు. పొట్టమీది మచ్చయున్న చోటనే గడ్డ లేచినది. ఆ రోగి తండ్రియు ఇట్టి వ్యాధితోనే చనిపోయెను. అతని పిల్లలకును సోదరులకును దేహముపై చాల మచ్చలుండెను. ఇది వంశములలో వచ్చుననియు, మచ్చలు అధికముగా నున్న కుటుంబములు జాగ్రత్తపడవలెననియు నారిస్ ఊహించెను. 1857లో ఎనిమిదిమంది రోగుల చరిత్రములతో ఒక పుస్తకమును ప్రకటించెను. ఒక చిన్న ఊరి వైద్యుడు, ఇంటింటి సంగతి ఎరిగియుండుటచేతనే, తండ్రినుండి కొడుకునకు పోయిన వ్యాధిజాడను పట్టగలిగెను.

ఆయన ఊహను తరువాతివారు లెక్కకు తెచ్చిరి. తెల్లవారిలో దేహముపై నూరు మచ్చలకు మించియున్నవారికి, పదునైదుకంటె తక్కువ యున్నవారికంటె మెలనోమా వచ్చు అవకాశము సుమారు ఏడురెట్లని 2005లో పెక్కు పరిశోధనలను కూర్చి తేల్చిరి. ఒళ్ళంతయు లెక్కించుట కష్టము గనుక, లండను కింగ్స్ కళాశాలవారు 3,594 మంది కవలస్త్రీలను పరీక్షించి 2015లో ఒక సులభమార్గమును చెప్పిరి. కుడిచేతిపై పదునొకండు మచ్చలకు మించియున్నచో దేహమంతటను నూరింటికి మించియుండుట సంభవమట. అన్నము ఉడికినదో లేదో ఒక మెతుకును పట్టి చూచినట్లు, ఒక చేతిని చూచి ఒళ్ళంతయు ఎరుగుట ఇది. అయినను ఇందు భయపడవలసినది తక్కువ. నలువదేండ్లలోపువారి మచ్చలు రెండులక్షలు తీసికొనిన, ఒక సంవత్సరమున వానిలో ఒకటిగూడ మెలనోమా అగుట అరుదని 2003లో అమెరికాలో లెక్కగట్టిరి. అంతేకాదు, మెలనోమాలలో సుమారు మూడుపాళ్ళు మాత్రమే పాతమచ్చనుండి పుట్టుననియు, ఏడుపాళ్ళు ఏ మచ్చయు లేని చర్మముమీదనే క్రొత్తగా లేచుననియు 2017లో తేల్చిరి. కావున మచ్చల సంఖ్య ఒక హెచ్చరిక మాత్రమే. ఉన్న మచ్చలన్నిటిని తీయించివేసికొనినంత మాత్రమున ఈ అపాయము తొలగదు.

తెల్లవారికి ఇది అధికముగా వచ్చుటకు ముఖ్యకారణము ఎండ. ఆస్ట్రేలియాలో భూమధ్యరేఖకు దగ్గరగా పోయినకొలది తెల్లవారిలో దీని మరణములు హెచ్చుచున్నవని లంకాస్టర్ అను గణకుడు 1956లో చూపెను. మన చర్మపు నలుపు ఎండకు గొడుగువంటిది. అందుచేతనే మన దేశమున ఈ వ్యాధి ఏటికి లక్షమందిలో ఒక్కనికంటె తక్కువమందికి వచ్చుచున్నది. నలుపును నింద్యముగా ఎంచు మనవారు ఈ మేలును గుర్తింపవలెను. కాని ఆ గొడుగునకు నీడ చాలని చోట్లు కొన్ని కలవు. అరికాలు, అరచేయి, గోటిక్రింది భాగము, నోటి లోపలి పొర. మనవంటి నల్లనివారికి మెలనోమా వచ్చినచో తరచుగా ఈ చోట్లలోనే వచ్చును. 1976లో రీడ్ అను వైద్యుడు దీనిని ప్రత్యేకమైన జాతిగా వర్ణించెను. దీనికి ఎండతో పనిలేదు. జపానువారు 2016లో అరికాళ్ళను పరిశీలించి, మడమ మొదలుగాగల దేహభారము మోయు చోట్లలోనే ఇది అధికముగా వచ్చుచున్నదని చెప్పిరి. జమైకా ద్వీపమునకు చెందిన బాబ్ మార్లే యను లోకప్రసిద్ధగాయకునకు 1977లో కాలివ్రేలి గోటిక్రింద ఈ వ్యాధి కనబడెను. బంతియాటలో తగిలిన దెబ్బ యని మొదట తలచిరి. 1981లో ముప్పదియారవ యేటనే అతడు మరణించెను.

దెబ్బ యని తలచుటయే ఈ వ్యాధికి మిత్రము. మా మేనమామగారు భీమునిపట్టణము ప్రాంతమున వ్యవసాయము చేసికొనిన మనిషి. ఆయన ఎన్నడును చెప్పులు తొడిగి పొలమునకు పోలేదు. అరువదియైదవ యేట ఎడమ మడమక్రింద చింతగింజంత నల్లమచ్చ కనబడెను. తుమ్మముల్లు విరిగి లోపల నిలిచినదని తలచి కత్తితో గీయించిరి. పిదప ఎవరో చెప్పగా సున్నమును సోడాను కలిపి పెట్టి కాల్చిరి. పుండు మానినట్లే మాని మరల లేచెను. గజ్జలో బిళ్ళలు కట్టెను. వైద్యశాలకు తీసికొనిపోవునప్పటికి రెండు సంవత్సరములు గడచినవి. ఈ మచ్చ ఎప్పుడు వచ్చినదని వైద్యుడు అడిగెను. ఇంటిలో పదిమంది ఉండియు ఎవ్వరును చెప్పలేకపోయిరి. ఆరునెలలకు ఆయన గతించిరి. ఆ ప్రశ్న నా చెవులలో నేటికిని ఉన్నది.

మనవారు మచ్చలను గమనింపనివారా యనిన కాదు. మన పాఠశాలలలో పదవతరగతి పిల్లలకు ఇచ్చు పత్రములలో గుర్తింపు చిహ్నములని రెండు పుట్టుమచ్చలను వ్రాయుదురు. ఉపాధ్యాయుడనై నేనును ఎన్నో యేండ్లు పిల్లలను వరుసగా నిలువబెట్టి ఈ మచ్చలను వ్రాసికొంటిని. కుడిచేతి మణికట్టు, మెడ, చెంప, మోచేయి; వ్రాసినవన్నియు ఎదుటివారికి కనబడు చోట్లే. మనిషిని పోల్చుకొనుట ఆ వ్రాతకు ప్రయోజనము గనుక అది సమంజసమే. అయినను ఆ పత్రమునకు ఇంకొక ఉపయోగము కలదు. ఈ మచ్చ పదునైదవ యేటనే ఉండెనని అది సాక్ష్యము చెప్పును. ఏబది సంవత్సరములుగా మారని మచ్చ నమ్మదగినది. సాక్ష్యము లేని మచ్చలకు సాక్ష్యము కల్పించుటయే మనము చేయవలసిన పని.

ఏ మచ్చను అనుమానింపవలెను? 1985లో న్యూయార్కు వైద్యులు కొన్ని గుర్తులను చెప్పిరి. వానిని మన మాటలలో చెప్పెదను. నడుమ గీత గీసినచో రెండు సగములు సరిపోని మచ్చ. అంచు నునుపుగా లేక చెదిరిన మచ్చ. నలుపు, గోధుమ, ఎరుపు, తెలుపు మొదలగు పలురంగులు కలిసిన మచ్చ. ఆరు మిల్లీమీటర్లకు, అనగా మన పెసరగింజకంటె కొంత అధికముగా, వెడల్పైన మచ్చ. ఈ నాలుగింటికి తరువాతివారు మార్పును చేర్చిరి. అన్నిటిలో ముఖ్యము అదియే. నెలలలో పెరిగినను, రంగు మారినను, దురద పెట్టినను, నెత్తురు కారినను, మానని పుండైనను వైద్యునకు చూపవలెను. పుట్టుకతోనే జేనెడంత పరచుకొనియున్న పెద్దమచ్చ గలవారు బాల్యము నుండియే వైద్యుని కనుసన్నలలో నుండవలెను. గోళ్ళ విషయమున ఒక మాట. మనవంటి నల్లనివారికి పలుగోళ్ళలో సన్నని గోధుమరంగు చారలుండుట సహజము. ఒక్క గోటిలోనే క్రొత్తగా నల్లచార వచ్చి, వెడల్పగుచు, గోటిమొదలి చర్మమునకు ప్రాకినచో ఆలసింపరాదు. 1886లోనే హచిన్‌సన్ అను ఆంగ్లవైద్యుడు ఈ గుర్తును చెప్పెను.

మన విశాఖ యోడరేవు 1933లో తెరవబడెను. ఉక్కు కర్మాగారము 1992లో జాతికి అంకితమయ్యెను. నిప్పుతోను ఇనుముతోను పనిచేయువారు ఇచ్చట వేలకొలది కలరు. అట్టివారికిని, వంటయింటిలో కాలినవారికిని ఒక హెచ్చరిక. పాత కాలిన మచ్చపై ఏండ్లు గడచిన తరువాత పుండు లేచి మానకున్నచో అదియు చర్మపు రాచపుండు కావచ్చును. 1828లో మార్జోలిన్ అను ఫ్రెంచి వైద్యుడు ఇట్టి పుండ్లను వర్ణించుటచేత నేటికిని వానికి ఆయన పేరే కలదు.

ఏ మచ్చనైనను సున్నముతోను, సోడాతోను, కాల్చిన సూదితోను తీయుట మానవలెను. సుశ్రుతుడు క్షారమును చెప్పలేదా యని కొందరు అడుగుదురు. చెప్పెను, కాని ఎన్నదగిన లక్షణములను ఎన్ని, వ్యాధిని నిర్ణయించిన పిమ్మటనే వైద్యుని చేతికి క్షారమును ఇచ్చెను. నేటి నిర్ణయము సూక్ష్మదర్శినియందు జరుగును. కాల్చిన మచ్చను పరీక్షించుటకు వీలులేదు. వైద్యుడు దానిని సమూలముగా కోసి పరీక్షకు పంపినచో, అది ఎంతలోతునకు దిగినదో మిల్లీమీటర్లలో చెప్పగలరు. 1970లో బ్రెస్లో అను వైద్యుడు ఈ లోతే రోగి ఆయువునకు కొలతయని నిరూపించెను. మిల్లీమీటరులోపుననే పట్టుబడినచో నూటికి తొంబదిమందికి పైగా బ్రతుకుదురు. లోతు పెరిగినకొలది ఆశ తరుగును. మా మేనమామగారు పోగొట్టుకొనినది ఆ మిల్లీమీటరే. కింగ్ జార్జి వైద్యశాలయందు చర్మవైద్యులు కలరు. ఉక్కునగరమునకు చేరువగా అగనంపూడిలో టాటావారి హోమీభాభా రాచపుండు వైద్యశాల కలదు. ఇంత దగ్గరనుండి సూదిని నిప్పులో కాల్చుకొనుట మనకు తగదు.

పొలమునుండి వచ్చిన మనిషి కాళ్ళు కడుగుకొనక గడప దాటరాదని మన పెద్దలు నియమించిరి. ఆ ఆచారము ఉన్నచోట నేను చెప్పు పనికి వేరే కాలము వెదకనక్కరలేదు. నెలకొకసారి, తలంటి పోసికొను దినమున, అరికాళ్ళను, వ్రేళ్ళసందులను, గోళ్ళను, అరచేతులను చూచుకొనవలెను. అద్దము పట్టుకొని నోరు తెరచి అంగిటిని చూచుకొనవలెను. అడ్డపొగ త్రాగు ముసలమ్మలు మరింత తప్పక చూచుకొనవలెను, ఆ అలవాటును విడువవలెను. వీపును ఇంటిలోనివారు చూడవలెను. చూపు తగ్గిన పెద్దలు మనుమలను పిలిచి చూపింపవలెను. మనుమలు పండుగనాడు తాతగారి పాదములకు మ్రొక్కుదురు గాని పాదముల పైభాగమునే చూతురు. ఒకసారి ఆ పాదమును తిప్పి అడుగును చూడుమని వారికి చెప్పుడు. నల్లమచ్చ యున్నచో ఏ చోట నున్నది, ఎంత యున్నది, ఏ తేదీన చూచితిమి అని గోడమీది పంచాంగమునందో పద్దుపుస్తకమునందో వ్రాసియుంచుడు. మూడునెలలకు మరల చూచి, మారినదనిపించినచో ఆ వ్రాతను తీసికొని వైద్యునికడకు పొండు. అరికాలిలోగాని గోటిక్రిందగాని నడివయస్సు దాటిన పిమ్మట క్రొత్తగా కనబడినదైనచో మూడునెలలు ఆగనక్కరలేదు. ఆ వారములోనే పొండు. ఈ మచ్చ ఎప్పుడు వచ్చినదని వైద్యుడు అడిగినప్పుడు ఉత్తరము మీచేతిలో నుండును.